మెతుకు వారోత్సవాలు

ఒక పెద్ద అడవిలో చదువుకున్న జంతువులు మరీ తక్కువైపోయాయని ఎవరో అన్నారట. వెంటనే కొండవాగు పక్కన ఒక విద్యాపీఠం వెలిసింది. దానికి తరగతి గదులు పది, హాస్టలు గదులు రెండు వందలు, భోజనశాల ఒకటి. ఆ భోజనశాలలో పెద్ద వంటమనిషి ఎలుగుబంటి గవరమ్మ.

గవరమ్మకి చదువు రాదు. ఇరవై రెండేళ్లుగా చదువుకునేవాళ్లకి వండి పెడుతోంది కాబట్టి చదువంటే భయమూ లేదు. వరుసలో నిలబడ్డ పిల్లల మొహం చూసి ఎవరికి ఎంత ఆకలిగా ఉందో చెప్పగలదు. పరీక్షల ముందు కుందేళ్లు పెరుగన్నంతో సరిపెట్టుకుంటాయనీ, పరీక్షలయ్యాక అడవిపందులు రెండు పూటల తిండి ఒక్క పూటలో తింటాయనీ ఆమెకి తెలుసు. పిల్లలందరూ ఆమెని పెద్దమ్మా అనే పిలిచేవాళ్లు.

ఆమెకి మింగుడుపడని విషయం ఒక్కటే. కంచాలు కడిగే చోట మూడు పెద్ద తొట్లు ఉండేవి. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ఆ మూడూ నిండిపోయేవి. వేలు పెట్టని పప్పు, కలపని అన్నం, ఒక్క కొరుకు కొరికి పారేసిన వడ. వాటిని చూసినప్పుడల్లా తను పొద్దున్న మూడు గంటలకి లేచి పొయ్యి వెలిగించింది ఈ తొట్ల కోసమా అనిపించేది.

ఎందుకిలా జరుగుతోందో కూడా ఆమెకి తెలుసు. ఆరు వందల మందికి వండమని ఏటా ఆఫీసు నుంచి కాగితం వస్తుంది. తినడానికి వచ్చేవాళ్లు నాలుగు వందలు దాటరు. మిగిలినవాళ్లకి చిలకలు ఊళ్లోంచి పొట్లాలు మోసుకొచ్చి కిటికీ దగ్గరే అందిస్తాయి. ఇక వచ్చినవాళ్లు, వరుస పొడుగ్గా ఉంది, మళ్లీ వెళితే ఉంటుందో ఉండదో అని మొదటిసారే కంచం గోపురంలా నింపుకుంటారు. సగం తినేసరికి తరగతి గంట కొడుతుంది. మిగతా సగం తొట్టిలోకి పోతుంది.

పులిపిల్లలకి మాత్రం వేరే భోజనశాల ఉండేది. అక్కడ ఏం మిగులుతోందో, ఎంత మిగులుతోందో వెళ్లి చూసే ధైర్యం ఎవరికీ లేదు. అందువల్ల అక్కడ వృథా లేదని అందరూ ఒప్పుకున్నారు.

ఆ ఏడు తూర్పు కొండల్లో వానలు పడలేదు. గడ్డి మాడిపోయింది, చెట్లు కాపు కాయలేదు. రాజుగారైన సింహం దగ్గర్నుంచి విద్యాపీఠానికి తాఖీదు వచ్చింది. గింజ కూడా వృథా కాకూడదని, మూడు నెలల్లో తనిఖీ బృందం వస్తుందని, బాగా చేసిన విద్యాపీఠానికి మొదటి ర్యాంకు ఇస్తామని అందులో ఉంది.

ఉపకులపతి నెమలి మయూరనాథం గారు తాఖీదుని మూడుసార్లు చదివారు. మొదటి రెండు విషయాలూ ఆయనకి గుర్తుండలేదు. ర్యాంకు మాత్రం గుర్తుండిపోయింది. వెంటనే సమావేశం పెట్టించి, విద్యార్థి సంక్షేమం చూసే డీన్ నక్క జంబుకేశ్వరరావుని ఏం చేద్దామని అడిగారు.

జంబుకేశ్వరరావు చాలా నెమ్మదిగా మాట్లాడతాడు. ఈ సమస్యకి మూలం అవగాహన లేకపోవడమేననీ, విద్యార్థుల్లో అవగాహన కలిగిస్తే తొట్లు వాటంతటవే ఖాళీ అవుతాయనీ వివరించాడు. వారం రోజుల పాటు మెతుకు వారోత్సవాలు జరపాలన్నాడు. ఉపన్యాసాలు, వ్యాసరచన పోటీ, ప్రతిజ్ఞ, ఊరేగింపు ఉంటాయన్నాడు. అందరూ తలలూపారు.

టీ అందించడానికి వచ్చిన గవరమ్మ గుమ్మం దగ్గర ఆగిపోయింది. అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించి, చివరికి అడిగేసింది.

"బాబూ, రేపు ఎంతమంది తింటారో ఈ రోజు సాయంత్రం నాకొక్క మాట చెబితే, అంతే వండుతాను. కొంచెం కొంచెం వడ్డించి, కావాలన్నవాళ్లకి మళ్లీ వడ్డిస్తాను. తొట్లు నిండవు."

గదిలో అందరూ ఆమెని జాలిగా చూశారు. జంబుకేశ్వరరావు మర్యాదగానే జవాబిచ్చాడు.

"గవరమ్మా, నువ్వు చెప్పేది వంట. మేము మాట్లాడుతున్నది అవగాహన."

ఆమె ఖాళీ కప్పులు తీసుకుని వెళ్లిపోయింది. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఇరవై రెండేళ్లలో అలా జరగడం అదే మొదలు.

వారోత్సవాల ప్రారంభం రోజున అతిథుల కోసం పదకొండు రకాలు చేయమని ఆఫీసు నుంచి కబురొచ్చింది. గవరమ్మ చేసింది. ఉపన్యాసాలు పన్నెండింటికి ముగియాల్సింది, మూడింటికి ముగిశాయి. అన్నం విలువ గురించి మయూరనాథం గారు పింఛం విప్పి గంటన్నర మాట్లాడారు. విద్యార్థి సంఘం నాయకుడు కోతి మర్కటేశ్ తన తండ్రి మాటలు, తాత మాటలు గుర్తుచేసుకుని కళ్లు తుడుచుకున్నాడు. మెతుకు పారేయనని అందరూ చేతులు చాచి ప్రతిజ్ఞ చేశారు. ఈలోగా పులిహోర గడ్డకట్టింది, పెరుగు పులిసింది, బొబ్బట్లకి చీమలు పట్టాయి. అతిథులు ఒక్కో రకం రుచి చూసి లేచిపోయారు. ఆ రోజు మూడు తొట్లు చాలక గవరమ్మ నీళ్ల గోలేలు రెండు తెప్పించుకోవాల్సి వచ్చింది.

వారం గడిచినా తొట్లు తగ్గలేదు. అప్పుడు జంబుకేశ్వరరావు రెండో ఆలోచన బయటికి తీశాడు. కంచాలు కడిగే చోట ఒక త్రాసు వేలాడదీయించాడు. ప్రతి కంచంలో మిగిలినది తూచి రాయడానికి తాబేలు కూర్మారావుని నియమించాడు. పక్కన ఒక నల్లబల్ల పెట్టించాడు. మొదటి మూడు రోజులూ తూచి హెచ్చరిస్తామని, నాలుగో రోజు నుంచి వృథా చేసినవాళ్ల పేర్లు దాని మీద రాస్తామని, పేరెక్కినవాళ్లకి హాజరు తగ్గిస్తామని ప్రకటించాడు.

మొదటి రోజు కూర్మారావు పద్ధతి ప్రకారం తూచుకుంటూ పోతే మధ్యాహ్నం వరుస సాయంత్రం దాకా సాగింది. రెండో రోజు కొంచెం తగ్గింది. నాలుగో రోజుకి తూచడానికి ఏమీ లేదు. ఒక్కొక్కరూ అద్దంలా మెరిసే కంచం తెచ్చి ఇస్తున్నారు. వారం తిరిగేసరికి తొట్ల అడుగు కనిపించింది. జంబుకేశ్వరరావు గోడ మీద ఒక గీత గీయించాడు. అది పైనుంచి కిందికి జారుతూ వచ్చి నేలని తాకింది. మయూరనాథం గారు దాని ముందు నిలబడి ఫోటో తీయించుకున్నారు.

అందరూ సంతోషించారు గానీ గవరమ్మకి లెక్క కుదరలేదు. తను వండుతున్నది ఆరు వందల మందికే. తింటున్నది ఇప్పటికీ నాలుగు వందలే. ఎవరి పొట్టా పెరిగిన గుర్తు లేదు. మరి ఆ అన్నమంతా ఎటు పోతోంది?

ఒక మధ్యాహ్నం కోతి మర్కటేశ్ భోజనశాల నుంచి బయటికి వెళుతుంటే ఆమె పలకరించింది. అతను మాట్లాడలేదు, తలూపాడు. రెండు బుగ్గలూ బొప్పాయి కాయల్లా ఉబ్బి ఉన్నాయి. అతని వెనకాల మరో ఎనిమిది కోతులు. అన్నిటికీ అలాగే ఉన్నాయి. గవరమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టి, వాటి వెనకే వెళ్లింది.

హాస్టలు వెనక పొదల మధ్య ఒక లోయ ఉంది. కోతులు ఆ అంచున వరసగా నిలబడి బుగ్గల్లోంచి అన్నం, కూర, సాంబారులో ముక్కలు లోయలోకి ఊశాయి. ఆ పనికి కోతులకి గిరాకీ పెరిగిందని గవరమ్మకి తర్వాత తెలిసింది. కోతికి బుగ్గల్లో సంచులుంటాయి కాబట్టి ఎవరి కంచంలో మిగిలినా కోతి నోట్లో పెట్టుకుని దాటించేస్తుంది. బదులుగా వాళ్లు కోతికి రికార్డులు రాసిపెట్టాలి. మర్కటేశ్ ఆ నెలలో అన్ని రికార్డులూ సమయానికి అప్పజెప్పి అధ్యాపకుల మెప్పు పొందాడు.

లోయ అడుగున అన్నం కుళ్లి వాసనేస్తోంది. దాని పక్కనుంచే కొండవాగు పారుతోంది.

గవరమ్మ నేరుగా డీన్ దగ్గరికి వెళ్లి చూసింది చూసినట్టు చెప్పింది. జంబుకేశ్వరరావు కాసేపు కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత, తమ కొలత కంచాలు కడిగే అరుగు దాకానేననీ, అరుగు అవతల జరిగేది భోజనశాల కిందికి రాదనీ చెప్పాడు. తనిఖీ బృందం వచ్చేది ఇంకో పది రోజుల్లోననీ, ఈలోగా లోయ వైపు వెళ్లి మోకాళ్ల నొప్పులు తెచ్చుకోవద్దనీ సలహా కూడా ఇచ్చాడు.

ఆ పది రోజుల్లోనే నల్లబల్ల మీద మొదటి పేరు ఎక్కింది.

ఆ పేరు దుప్పి పైడితల్లిది. తూర్పు కొండల నుంచి వచ్చి చదువుకుంటున్న పిల్ల. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. కంచంలో ఒక్క మెతుకు వదలదు. గవరమ్మ ఆమె కంచం ఎప్పుడూ కడగనక్కర్లేదనుకునేది. అలాంటి పిల్ల గుడ్డసంచిలో అన్నం మూట కట్టుకుని బయటికి వెళుతుండగా కూర్మారావు పట్టుకున్నాడు. త్రాసు తప్పించుకుని ఆహారం దాచినందుకు నేరం రాశాడు. నిజానికి కోతులు అతని ముందునుంచే రోజూ వెళుతున్నాయి. కానీ బుగ్గలు తూచమని అతనికి ఎవరూ చెప్పలేదు. సంచి మాత్రం నియమాల్లో ఉంది.

మర్నాడు పైడితల్లి భోజనానికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు గవరమ్మ కంచంలో అన్నం, పప్పు పెట్టుకుని ఆమె గదికి వెళ్లింది. తలుపు తీసిన పిల్ల కళ్లు వాచి ఉన్నాయి. గది కిటికీ అవతల చదునైన బండ మీద ఆరేసిన అన్నం కనిపించింది. గవరమ్మకి అర్థమైంది. అయినా అడిగింది.

పక్కవాళ్లు ముట్టకుండా వదిలేసిన అన్నం అడిగి తెచ్చుకుంటుందట. ఎండబెట్టి, మూటకట్టి, తూర్పు వైపు ఎగిరే కొంగలకి ఇచ్చి ఇంటికి పంపుతుందట. నీళ్లలో నానబెట్టి ఉడికిస్తే మళ్లీ అన్నమవుతుంది. ఇంట్లో అమ్మ, ఇద్దరు తమ్ముళ్లు, నడవలేని నాన్నమ్మ ఉన్నారట.

"నా పేరు బల్ల మీద ఉంటే ఉండనీ పెద్దమ్మా," అంది పైడితల్లి. "సంచి తీసేసుకున్నారు. ఈ నెల వాళ్లకి ఏం పంపను?"

ఆ పిల్ల అన్నం తినేదాకా గవరమ్మ పక్కనే కూర్చుని, ఖాళీ కంచం తీసుకుని వచ్చేసింది. దారిలో లోయ వైపు నుంచి గాలి వీచింది. ముక్కు మూసుకోకుండా నిలబడి, ఆ వాసన పూర్తిగా పీల్చింది. తనిఖీ బృందం ఎదుట నోరు విప్పాలని అప్పుడే తీర్మానించుకుంది.

తనిఖీ బృందానికి నాయకురాలు ఏనుగు గజలక్ష్మి మేడమ్. వయసు మళ్లినా చురుకైన ఆవిడ. ఖాళీ తొట్లు చూసి మెచ్చుకున్నారు. గోడ మీద గీత చూసి తల పంకించారు. నల్లబల్ల దగ్గర ఆగి, ఇంత పెద్ద విద్యాపీఠంలో తప్పు చేసినవాళ్లు ఒక్కరేనా అని ఆశ్చర్యపోయారు. అదంతా అవగాహన వల్లనేనని జంబుకేశ్వరరావు వినయంగా చెప్పాడు.

అప్పుడు గవరమ్మ ముందుకొచ్చింది.

"మేడమ్ గారూ, ఆ ఒక్క పేరున్న పిల్లని పిలిచి అడగండి. ఈ హాస్టల్లో మెతుకు పారేయనిది ఆ పిల్ల ఒక్కతే. తర్వాత నాతో నాలుగడుగులు నడవండి, మిగతావాళ్ల అన్నం చూపిస్తాను."

పైడితల్లిని పిలిపించారు. ఆ పిల్ల తలొంచుకుని ఉన్నదున్నట్టు చెప్పింది. గజలక్ష్మి మేడమ్ తొండం పైకెత్తి గాలి వాసన చూశారు. ఎవరూ దారి చూపకుండానే లోయ అంచుకి నడిచారు. కింద గుట్టలు గుట్టలుగా పాచిపోయిన అన్నం, దాని మీద ముసిరిన ఈగలు. మయూరనాథం గారి పింఛం దానంతటదే ముడుచుకుంది.

గవరమ్మ గుండె తేలికపడింది. ఇరవై రెండేళ్లకి తన మాట ఒకరు విన్నారనుకుంది.

అప్పుడు జంబుకేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. ఈ లోయ విషయం ఆఖర్న చూపించి మేడమ్ గారిని ఆశ్చర్యపరుద్దామనుకున్నామని, వంటమనిషి ఉత్సాహం ఆపుకోలేక ముందే చూపించేసిందని అన్నాడు. ఇది వృథా కాదట, ఎరువు తయారీ మీద విద్యాపీఠం చేస్తున్న ప్రయోగమట. మర్కటేశ్ బృందం రోజూ స్వచ్ఛందంగా శ్రమదానం చేస్తోందట. వెనకాల నిలబడ్డ మర్కటేశ్ రొమ్ము విరుచుకున్నాడు.

గజలక్ష్మి మేడమ్ నక్క వైపు చాలాసేపు చూశారు. ఆవిడకి అంతా అర్థమైనట్టే గవరమ్మకి అనిపించింది. కానీ ఆవిడ ఇంకా ఏడు విద్యాపీఠాలు చూడాలి, ఎండ ముదురుతోంది. పైగా ఇది వృథా అని రాస్తే ఎందుకు ముందే కనిపెట్టలేదని రాజుగారు తననే అడుగుతారు. ప్రయోగమని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. ఆవిడ ప్రయోగమనే రాశారు.

వెళ్లబోతూ గవరమ్మని పక్కకి పిలిచి, నీకేమైనా కావాలా అని మెల్లగా అడిగారు. ఆ పిల్ల పేరు చెరిపించండి చాలంది గవరమ్మ. ఒక పేరు చెరిపితే నియమం ఉల్లంఘించినట్టవుతుందని కూర్మారావు అభ్యంతరం చెప్పాడు. అందుకని నల్లబల్లనే తీసేశారు. పైడితల్లి సంచి తిరిగి ఇచ్చేశారు.

విద్యాపీఠానికి మొదటి ర్యాంకు వచ్చింది. గవరమ్మ ఇక ఎవరికీ ఏమీ చెప్పదలచుకోలేదు.

ర్యాంకు వచ్చిన నాలుగో రోజున పెద్ద వాన పడింది. లోయలో ప్రయోగమంతా కొట్టుకొచ్చి వాగులో కలిసింది. ఆ వాగు నీళ్లే హాస్టలుకి తాగునీళ్లు. రెండు రోజుల్లో కుందేళ్లు, జింకలు, అడవిపందులు, కోతులు అందరూ కడుపులు పట్టుకుని పడుకున్నారు. చిలకలు కూడా ఆ వైపు రావడం మానేశాయి. అందరికంటే ఎక్కువ జబ్బు పడింది మర్కటేశ్. బుగ్గల సంచులు పుండ్లు పడి, మాట కూడా రాలేదు.

గవరమ్మ నీళ్లు మరగబెట్టి, గంజి కాచి, కడవ చేత పట్టుకుని గది గదికీ తిరిగింది. ఆఫీసు పడకేసింది కాబట్టి ఆరు వందల కాగితం గురించి ఎవరూ అడగలేదు. పైడితల్లి ఆమె వెంట నడిచి, ఎవరు ఏ గదిలో ఉన్నారో చూసి చెప్పేది. ప్రతి ఒక్కరినీ ఎంత కావాలని అడిగి అంతే పోసింది గవరమ్మ. ఒకరు సగం చాలన్నారు. ఒకరు రెండోసారి అడిగారు. వారం రోజుల పాటు ప్రతి గిన్నే ఖాళీగా తిరిగొచ్చింది. తొట్లు ఎండలో బోర్లించి ఉన్నాయి.

లేచి తిరగగలిగాక మర్కటేశ్ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు నేల గీశాడు.

"పెద్దమ్మా, రేపు మధ్యాహ్నం మా వరస గదుల నుంచి పదకొండు మందిమే తింటాం. మిగతావాళ్లు ఊళ్లోకి వెళుతున్నారు," అన్నాడు.

గవరమ్మ సరేనంది. మర్నాడు కుందేళ్లూ వచ్చి తమ లెక్క చెప్పాయి. ఆ తర్వాత అడవిపందులు. నెల తిరిగేసరికి ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు గుమ్మం దగ్గర ఆగి ఒక అంకె చెప్పి పోవడం అలవాటైపోయింది. ఎవరూ ప్రతిజ్ఞ చేయలేదు. మూడు తొట్లలో రెండింటిని గవరమ్మ కడిగి నీళ్లు పట్టుకోవడానికి వాడుకుంది. గిన్నెల్లో మిగిలిన అన్నం పైడితల్లి బండ మీద ఆరేసేది. ఆ నెల కొంగలు మోసిన మూటలు ఆరు. తూర్పు కొండల్లో ఇంకా ఐదు ఇళ్లకి వెళ్లాయి.

ఒక ఉదయం జంబుకేశ్వరరావు నోటుపుస్తకం పట్టుకుని భోజనశాలకి వచ్చాడు. తొట్లు తగ్గాయని విన్నానన్నాడు. దీని వెనక ఏదైనా విధానం ఉంటే చెప్పమన్నాడు. దానికి ఒక పేరు పెట్టి, సంఘం వేసి, అడవి అంతటా అమలు చేయిస్తామన్నాడు. గవరమ్మకే సన్మానం కూడా జరిపిస్తామన్నాడు.

గరిటె తిప్పుతూనే గవరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. కొన్ని నెలల కిందట ఈ మాట కోసమే గుమ్మం దగ్గర కప్పులు పట్టుకుని నిలబడింది.

"ఏమో బాబూ, నాకేం తెలుసు," అంది. "వానలకి పిల్లలకి ఆకలి పెరిగినట్టుంది."

జంబుకేశ్వరరావు ఆ మాట శ్రద్ధగా రాసుకున్నాడు. వానకీ ఆకలికీ ఉన్న సంబంధం మీద ఒక సదస్సు పెట్టాలని అక్కడికక్కడే నిశ్చయించుకుని, నోటుపుస్తకం మూసి వెళ్లిపోయాడు. గవరమ్మ ఎసట్లో మూడు వందల పదిహేడు మందికి సరిపడా బియ్యం పోసింది.

నీతి: నలుగురికి మేలు చేసే పని ఏదైనా మొదలుపెడితే, అది నివేదికలోకి ఎక్కకుండా కాపాడుకోవాలి.